బీరువా మీది ఫిరంగి

సెప్టెంబర్ 4

మళ్ళీ మొదలైంది. అన్నం గిన్నెలో చెంచా పెట్టానో లేదో పైనుంచి దుడ్, దుడ్, దుడ్. కాసేపు ఆగుతుంది, మళ్ళీ దుడ్, దుడ్. మనిషి నడక కాదది. ఎవరో మా నెత్తిన రోలు పెట్టి పిండి దంచుతున్నట్టుంటుంది. ఆగస్టు నుంచీ ఇదే వరస. దీపాలు పెట్టే వేళకి తయారు.

నాకేమీ ఫరవాలేదు. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో వంటింటి అల్మరాలు చేసినవాణ్ణి. రంపపు మరల మధ్య నిలబడి కునుకు తీసిన రోజులున్నాయి. నా బాధల్లా మా ఆవిడ మీహ్యాంగ్ గురించి. మా అమ్మాయి బోరా పెళ్ళై వెళ్ళాక ఖాళీ అయిన గదిలో కూర్చుని చదువుకుంటోంది పాపం. యాభై నాలుగేళ్ళ వయసులో ఇళ్ళ బ్రోకరు లైసెన్సు పరీక్ష. కిందటేడు మొదటి పరీక్ష గట్టెక్కింది, రెండోది పోయింది. ఈ అక్టోబరు చివర్లో రెండోది కూడా గట్టెక్కితే లైసెన్సు వచ్చేస్తుంది. పోయిందంటే మొదటిది కూడా చెల్లదు, మళ్ళీ ఓనమాల నుంచి రావాలి. "ఇంకోసారి మొదటి నుంచి నా వల్ల కాదు" అని తనే చెప్పింది. అలాంటప్పుడు ఆ మనిషి నెత్తిన ఈ దంపుడేమిటని నా కోపం.

వాచ్‌మన్ ప్యో గారికి ఇంటర్‌కమ్‌లో చెప్పాను. ఆయన పైయింటికి చెప్పాడు. "చాలా తప్పైపోయిందన్నారు సార్" అని తిరిగి నాకు చెప్పాడు. కాసేపు నిశ్శబ్దం. టీవీ పెట్టుకున్నాను. దుడ్.

సెప్టెంబర్ 5

దుడ్.

సెప్టెంబర్ 8

వేడినీళ్ళ స్నానశాలలో పక్కన వీపు రుద్దించుకుంటున్న ఒకాయన మంచి మాట చెప్పాడు. వాళ్ళ బావమరిది పైవాళ్ళ చప్పుడు భరించలేక సీలింగుకు ఒక వూఫర్ స్పీకరు బిగించాడట. బరువైన మోతను తిన్నగా వాళ్ళ నేలలోకే పంపాడట. వారం తిరక్కుండా పైవాళ్ళు పిల్లుల్లా నడవడం నేర్చుకున్నారట.

"బయట రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి, తెచ్చుకోండి" అన్నాడు.

చెక్కపెట్టె నేను కొనుక్కోవాలా? చేపపిల్లకు ఈత నేర్పినట్టుంది.

ఇంటికి రాగానే టేపు తీశాను. మా పడకగది బీరువాకీ సీలింగుకీ మధ్య రెండు జానల జాగా ఉంది. అందులో పట్టాలంటే పెట్టె చిన్నదై ఉండాలి. చిన్న పెట్టెలోంచి పెద్ద మోత రావాలంటే చెక్క మందంగా ఉండాలి, అతుకుల్లో వెంట్రుకవాసి సందు ఉండకూడదు, వూఫర్ మొహం ఆకాశం వైపు ఉండాలి. మంచి బర్చ్ ప్లైవుడ్ కావాలి.

కాగితం మీద బొమ్మ గీస్తుంటే మీహ్యాంగ్ టీ కోసం బయటికి వచ్చింది.

"ఏంటండీ అది?"

"సబ్‌వూఫర్. పాటలు వినడానికి."

"మీరా? పాటలా?"

"రిటైరయ్యాక మనిషికి ఏదో ఒక సరదా ఉండాలని నువ్వే అన్నావుగా."

ఇది అబద్ధం కాదు. తర్వాత ఎప్పుడైనా వింటాను.

ఇది పగ కూడా కాదు. వాళ్ళకి తెలియజెప్పడం, అంతే. ఆవిడ పరీక్ష కోసం.

సెప్టెంబర్ 14

ప్లైవుడ్ వచ్చింది. ఎన్నాళ్ళకి కోత వాసన. బాల్కనీలో బల్ల వేసుకుని, పొద్దున్నే రంపం పట్టాను. చెయ్యి మరిచిపోలేదు. గీత మీద గీతలా దిగింది.

రెండో పలక సగంలో ఉండగా మీహ్యాంగ్ తలుపు తీసి నిలబడింది. చెవుల్లోంచి రబ్బరు బిళ్ళలు తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"ఏమండీ, పైవాళ్ళు సాయంత్రం మొదలెడతారు. మీరేంటి పొద్దున్నే మొదలెట్టారు?"

"ఇది వేరు. దీనికో అంతం ఉంది."

"అంతలోపు నా అంతం రాకుండా చూడండి."

సరేనని పలకలన్నీ కిందికి మోసుకెళ్ళి సైకిళ్ళ షెడ్డులో పెట్టుకున్నాను. ఒక పలక కోశానో లేదో ప్యో గారు టోపీ సర్దుకుంటూ వచ్చాడు.

"తాక్ గారూ, రెండో అంతస్తు నుంచి ఫిర్యాదొచ్చింది. చప్పుడట."

"చప్పుడు ఆపడానికే ఈ చప్పుడండీ."

"అందరూ అదే చెబుతారు సార్."

ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, మిగతా పలకలు కోసేశాను.

సెప్టెంబర్ 19

జిగురు పని. లోకంలో ఇంత పుణ్యమైన పని ఇంకోటి లేదు, ఏ మాత్రం చప్పుడుండదు. పలకలు అతికించి, క్లాంపులు బిగించి, కారిన జిగురు తడిగుడ్డతో తుడిచి, ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయాను. లోపల మోత గుడగుడలాడకుండా కూరడానికి పాత బొంతలోంచి దూది తీశాను. ఏ బొంతో రాయడం ఇప్పుడు అనవసరం.

వూఫర్ బిగించాక పరీక్ష. అగరొత్తి వెలిగించి, వూఫర్ మధ్యలోని కోనును మునివేళ్ళతో మెల్లగా నొక్కుతూ అతుకుల పక్కన పట్టుకున్నాను. గాలి పోతుంటే పొగ వంగుతుంది. మూడు మూలలా నిటారుగా లేచింది. నాలుగో మూల దగ్గర అటు తిరిగింది. మళ్ళీ జిగురు.

వాసనకి మీహ్యాంగ్ తలుపు సందులోంచి తొంగి చూసింది.

"ఇవాళ ఎవరి తద్దినం?"

"ఎవరిదీ కాదు. చదువుకో."

సెప్టెంబర్ 30

నమూనా పరీక్షలో యాభై రెండొచ్చాయి. అరవై రావాలి. మీహ్యాంగ్ నిలబడే నూడుల్స్ తిని గదిలోకి పోయింది.

పైవాళ్ళే దీనికంతటికీ కారణం.

అక్టోబర్ 3

పూర్తయింది. అరచేత్తో రుద్ది రుద్ది నూనె పట్టించాను. కుంకుడుగింజంత నునుపు. రెండు చేతుల్లో ఇమిడే పెట్టె, కానీ ఎత్తితే రాయి. దీనికి ఫిరంగి అని పేరు పెట్టాను.

బీరువా మీదికి ఎక్కించాను. మన బీరువా అదరకూడదు కాబట్టి అడుగున స్పాంజి. బెల్టుతో కట్టి, మొహం సీలింగుకు ఆనీ ఆనకుండా పెట్టాను. ఏం వినిపించాలా అని చాలా ఆలోచించి, చివరికి మన రేవులో తిరిగే పెద్ద పడవ ఇంజను మోత ఫోనులో దొరికితే అది పెట్టుకున్నాను. గుర్రుమంటూ ఒకే శ్రుతిలో గంటలకొద్దీ సాగుతుంది. మనిషన్నవాడు భరించలేడు.

సాయంత్రం దుడ్ మొదలైంది. స్విచ్ వేశాను. సీలింగు మీద చెయ్యి పెట్టి చూస్తే పిల్లి పొట్టలా వణుకుతోంది. దుడ్, దుడ్ అని ఇంకాస్త సాగింది. మెల్లబడింది. ఆగిపోయింది.

నిజంగా ఆగిపోయింది. కుర్చీ మీద నిలబడే ఉన్నాను, చెవి సీలింగుకు ఆనించి. చీమ చిటుక్కుమన్నా వినబడేట్టుంది.

మీహ్యాంగ్ బయటికి వచ్చింది. "ఏంటీ, ఇవాళ పైన చప్పుడు లేదే?" అంది.

వంటింట్లోకి వెళ్ళి ఒక గిన్నెడు మక్గల్లి, మన బియ్యపు కల్లు, పోసుకుని తాగాను. ఇంత రుచిగా ఎప్పుడూ లేదు.

అక్టోబర్ 4

గెలిచాను.

అక్టోబర్ 5

ఇవాళ కూడా.

అక్టోబర్ 9

రోజూ ఇదే పద్ధతి. వాళ్ళు మొదలెట్టగానే నేను మొదలెడతాను, వాళ్ళు ఆపేస్తారు. అయినా ఒక గంట పాటు ఆపను. భయం నాటుకోవాలి.

మీహ్యాంగ్‌కి తలనొప్పిగా ఉందట. "ఏదో గుయ్యిమంటోందండీ. చెవిలో కాదు, పొట్టలో" అంది. ఫ్రిజ్ పాతబడిందని చెప్పాను. నిజమే, పాతబడింది. నమూనా పరీక్షలో ఈసారి నలభై తొమ్మిది. సిలబస్ మరీ ఎక్కువ.

అక్టోబర్ 12

ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

లిఫ్టులో పైయింటి ఆవిడ ఎక్కింది. ఇన్నాళ్ళూ నేను ఊహించుకున్నది దున్నపోతులాంటి మనిషిని. తీరా చూస్తే పిట్టంత ముసలావిడ. వీపున పసివాణ్ణి దుప్పటితో కట్టుకుని ఉంది. నన్ను చూడగానే నడుం వంచేసింది.

"కింది ఇంటి బాబుగారే కదా? నన్ను క్షమించాలి నాయనా. మీకెంత నరకమో నాకు తెలుసు. అమ్మాయీ అల్లుడూ డ్యూటీ నుంచి వచ్చేదాకా వీడు నా దగ్గరే. సాయంత్రమైతే చాలు, పేగులు తెగేలా ఏడుపు. ఇలా వీపున వేసుకుని మడమల మీద ఎగిరితే తప్ప ఊరుకోడు. మెత్తటి చెప్పులేసుకున్నా, పరుపు పరిచా, అయినా చప్పుడేనాయె. నా మోకాళ్ళు కూడా పోయాయి."

"ఫరవాలేదు లెండి" అన్నాను. ఇంకేమంటాను?

"కానీ ఇప్పుడు దేవుడు కరుణించాడు. ఈమధ్య ఎక్కణ్ణుంచో నేల కిందనుంచి గుర్రుమని ఒక మోత వస్తోంది. అది మొదలవగానే వీడు గుక్క ఆపి వింటాడు. వింటూ వింటూ నిద్రపోతాడు. అమ్మ కడుపులో ఉన్నట్టుంటుందేమో. మా అల్లుడు నీళ్ళ మోటారంటాడు. మోటారో దేవతో, నేను మాత్రం రోజూ నేలకి దణ్ణం పెట్టుకుంటున్నా."

వాడు వీపు మీంచి నా వంక చూశాడు. చొంగ కారుస్తూ నవ్వాడు.

మా అంతస్తు వచ్చింది. దిగిపోయాను. వ్రతం చెడ్డా ఫలం దక్కిందనుకోవాలి. కానీ పది రోజులుగా నేను యుద్ధం చేస్తున్నాననుకున్నాను. చేసింది జోలపాట.

మీహ్యాంగ్‌కి చెప్పలేదు.

అక్టోబర్ 13

సాయంత్రం ఇంట్లో గోడ స్పీకరు లోంచి ప్యో గారి గొంతు.

"నివాసులకు మనవి. ఈ లైనులో ఏదో ఇంట్లోంచి సన్నగా మోత వస్తోందని ఆరో అంతస్తు వారూ, తొమ్మిదో అంతస్తు వారూ ఫిర్యాదు చేశారు. దయచేసి మీ ఫ్రిజ్జులూ, చేపల తొట్లూ, మసాజ్ కుర్చీలూ ఒకసారి చూసుకోండి."

మీహ్యాంగ్ కూరలో గరిటె ఆపింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి తలుపు మీద చెయ్యి పెట్టింది. తర్వాత ప్లగ్గు పీకింది. మోత ఆగలేదు. చెవి ఒగ్గుకుంటూ పడకగదిలోకి వెళ్ళి, కుర్చీ లాక్కుని ఎక్కింది. నేను వరండాలో నిలబడ్డాను.

"ఇది పాటలు వినడానికా?"

"నీ కోసమేనే. పైవాళ్ళు నిన్ను చదువుకోనివ్వడం లేదని."

"పైవాళ్ళు నాకెప్పుడు అడ్డమొచ్చారండీ? చెవుల్లో బిళ్ళలు పెట్టుకున్నా, సరిపోయింది. వాళ్ళ మీద ఒక్క మాట అన్నానా నేను? మీ రంపానికి బిళ్ళ ఆగలేదు. మీ మోతకి అసలే ఆగలేదు, అది ఎముకల్లోంచి వస్తోంది. ఇన్నాళ్ళూ నాకేదో జబ్బు చేసిందని భయపడి చచ్చాను."

"అది కాదు..."

"ఒక్కటడుగుతా చెప్పండి. నేను పాసవడం మీకు ఇష్టం లేదా?"

అదేం మాటని అరిచాను. ఆవిడ అరవలేదు. కుర్చీ దిగి, దాన్ని తీసుకెళ్ళి యథాస్థానంలో పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అలాంటిదేమీ లేదు.

అక్టోబర్ 14

అలాంటిదేమీ లేదు.

అక్టోబర్ 15

ఫిరంగి ఆపేశాను. సాయంత్రం పైన పసివాడి ఏడుపు, వెంటనే దుడ్, దుడ్. ఇప్పుడు ప్రతి దుడ్‌లోనూ ఆ పిట్టంత మనిషి మోకాళ్ళు కనబడుతున్నాయి. ఇదివరకే నయం, కోపమైనా ఉండేది.

మీహ్యాంగ్ పుస్తకాలు సంచిలో వేసుకుని అద్దె చదువుగదికి పోయింది. రాత్రి వంట నేనే చేశాను. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

అలాంటిదేమీ లేదని రెండుసార్లు రాశాను. లేనిదాన్ని ఎవడైనా రెండుసార్లు రాస్తాడా?

వసంతంలో నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేశాక ఒకరోజు అన్నం తింటూ తను అంది, "ఆఫీసు తెరిస్తే అద్దాల మీద కాగితాలు అతికించడానికి ఒక మనిషి కావాలి, మీరున్నారుగా" అని. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆ రోజు ముద్ద దిగలేదు నాకు. ఆవిడ పొద్దున్నే చెప్పులేసుకుని వెళ్ళిపోతుంటే నేను ఈ ఇంట్లో కూర్చుని దేనికి ఎదురుచూడాలి? అది నా భయం. ఆవిడ పాసవకూడదని నేనెప్పుడూ కోరుకోలేదు. కానీ పాసవుతుందేమోనని భయపడ్డాను. ఆ తేడా ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక చెక్కలు కోశాను.

అక్టోబర్ 18

పైయింటి ఆవిడ తలుపు కొట్టింది. మనవడికి ఇవాళ వందో రోజట. తెల్లటి పిండిరొట్టె, వెచ్చగా, పళ్ళెం నిండా. వందిళ్ళవాళ్ళు తింటే బిడ్డ నూరేళ్ళు ఉంటాడని ఇల్లిల్లూ పంచుతోంది. మీహ్యాంగ్ తీసుకుంది. ఆవిడ వెళ్ళాక పళ్ళెం పట్టుకుని వంటింట్లో నిలబడింది.

"ఖాళీ పళ్ళెం ఇవ్వకూడదు. ఇంట్లో కమలాపళ్ళు కూడా లేవు" అంది. అయిదు రోజుల్లో నాతో అన్న పెద్ద మాట అదే.

అప్పుడు లిఫ్టు సంగతి చెప్పేశాను. మొత్తం. నేలకి దణ్ణం పెట్టుకునే సంగతి కూడా.

మీహ్యాంగ్ పళ్ళెం బల్ల మీద పెట్టింది. పెదాలు బిగబట్టింది. ఆగలేక, తలుపు పట్టుకుని, కిందికి కూలబడి నవ్వింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఫిరంగితో జోకొట్టారా" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. నేనూ కూర్చున్నాను. వసంతంలో ముద్ద దిగని సంగతి కూడా ఆ ఊపులోనే చెప్పేశాను. నవ్వు ఆపి నా చేతి మీద ఒకటి కొట్టింది.

"పిచ్చి మనిషీ, నోరుంది దేనికి?"

ఫిరంగిని బీరువా మీంచి దించాను. అడుగున స్పాంజి రెండింతలు చేశాను. గొంతు బాగా తగ్గించి, ఇంతకు మించి పెరగకుండా మరకు అడ్డు పెట్టాను. పిల్లాడి పక్కన పెడితే ఆ మాత్రం చాలు. పళ్ళెం దాని మీద పెట్టుకుని పైకి మోసుకెళ్ళాం.

"అక్కగారూ, మీ నీళ్ళ మోటారు ఇదే" అన్నాను.

ఆవిడ పెట్టెను చూసింది, నన్ను చూసింది. పల్లెటూరి మనిషి, కానీ బుర్ర పాదరసం. "ఇది మా నేలకి ఆనించి పెట్టారా? మమ్మల్ని తరమడానికి?"

తల దించుకున్నాను. దులిపేస్తుందనుకున్నాను.

"మరి ఇంత మెత్తగా వాయిస్తే ఎలా నాయనా, ఎవరు పారిపోతారు?" అంది. తర్వాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టి మళ్ళీ రొట్టె పెట్టింది.

అక్టోబర్ 24

సాయంత్రాలు ప్రశాంతం. మీహ్యాంగ్ తలనొప్పి పోయింది. నమూనా పరీక్షలో అరవై ఒకటి. నేను ప్రశ్నలు చదువుతాను, ఆవిడ జవాబులు చెబుతుంది. ఒక ఇంటికి ఇద్దరు యజమానులుంటే ఎవరి సంతకం చెల్లుతుందో ఇప్పుడు నాకు కూడా తెలుసు.

అక్టోబర్ 28

పరీక్ష రోజు. పొద్దున్నే పైనుంచి ఒక గిన్నె వచ్చింది. సముద్రపు నాచు చారు. పసివాడు తెల్లవార్లూ పడుకున్నాడట, ఆ సంబరంలో మాకు పంపింది. పరీక్ష సంగతి ఆవిడకి తెలియదు. పరీక్ష రోజున నాచు చారు తాగితే నాచులాగే జారి పడతారని పసిపిల్లలకి కూడా తెలుసు. మా అమ్మ నా ఐటీఐ పరీక్ష నెలంతా ఇంట్లో నాచు కనబడనివ్వలేదు.

మీహ్యాంగ్ స్నానం ముగించేలోగా గిన్నె ఖాళీ చేద్దామని నిలబడి గటగటా తాగుతున్నాను. నాలుక కాలింది. సగంలో ఉండగా వెనకనుంచి మాట వినబడింది.

"ఏంటది? నాచు చారా?"

"లేదు. అంటే, అవును. నువ్విటు చూడకు."

వచ్చి గిన్నె లాక్కుంది. చెంచా తెచ్చుకుని కూర్చుంది. "జారాల్సినవన్నీ ఇదివరకే జారాను. ఇంత వేడి చారు పోసుకోకుండా ఎవరు వెళతారు ఈ చలిలో" అని ఆఖరి చుక్క దాకా తాగింది.

పరీక్ష జరిగే స్కూలు గేటుదాకా వెళ్ళాను. అందరూ భార్యల్ని, భర్తల్ని, కూతుళ్ళని దిగబెడుతున్నారు. ఒక పెద్దాయన గేటు కమ్మీకి జిగటగా ఉండే మిఠాయి ముక్క అతికిస్తున్నాడు, తనవాళ్ళు పాసుకి అలా అంటుకుపోవాలని. నాకూ ఒక ముక్క ఇవ్వమన్నాను. నాచు ప్రభావం ఏమైనా ఉంటే దానికి విరుగుడుగా రెండు ముక్కలు అడిగి తీసుకుని అతికించాను.

సాయంత్రం బయటికి వచ్చింది. ఎలా రాశావని అడగలేదు. ఎలా రాసిందో చెప్పలేదు. పంది మాంసం కాల్చుకుని తిన్నాం.

నవంబర్ 11

పైయింటి ఆవిడ కూతురు పనిచేసే ఆసుపత్రిలో ఒకావిడకి కవలలట. వాళ్ళకీ ఒక పెట్టె కావాలట. ప్యో గారు చెత్త వేరుచేసే షెడ్డులో ఒక మూల ఇచ్చాడు, పగలు మాత్రమే కోసుకోమన్నాడు. ఆయన మనవరాలికి కూడా పళ్ళు వస్తున్నాయట, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదట. అర్థమైంది.

నవంబర్ 28

రేపు ఫలితాలు. మీహ్యాంగ్ చీకటి పడగానే పడుకుంది.

నాకు ఒకటే భయం. పోతుందని కాదు. వస్తే, ఆ మొదటి క్షణంలో నా మొహం ఎలా ఉంటుందోనని. ముప్పై ఏళ్ళు దాటిన కాపురం. నా మొహం చదవడం ఆవిడకి చట్టం పుస్తకం కన్నా తేలిక. నవ్వు ఒక్క రవ్వ ఆలస్యమైనా పట్టేస్తుంది. ఇందాక స్నానాల గదిలో అద్దం ముందు నవ్వి చూసుకున్నాను. పళ్ళ డాక్టరుకి చూపిస్తున్నట్టుంది.

నవంబర్ 29

పొద్దున తొమ్మిదింటికి పెడతామన్నారు. తొమ్మిదైంది. ఆవిడ ఫోను నా చేతిలో పెట్టి, "మీరే చూడండి, నా వల్ల కాదు" అని గోడ వైపు తిరిగింది.

నంబరు కొట్టాను. పేరు వచ్చింది. పేరు పక్కన మాట వచ్చింది. ఒకే ఒక్క ప్రశ్న తేడాతో గట్టెక్కింది.

నా మొహం ఏం చేసిందో నాకు తెలియదు. తెలిసేసరికి బాల్కనీలో ఉన్నాను. కిటికీ బార్లా తీసి, సగం బయటికి వంగి, కార్లు నిలిపే చోటికేసి "మా ఆవిడ పాసైంది, మా ఆవిడ పాసైంది" అని అరుస్తున్నాను. కారు తుడుచుకుంటున్న ఒకాయన తలెత్తి ఏ ఇల్లా అని వెతుక్కుంటున్నాడు. వెనకనుంచి మీహ్యాంగ్ నా చొక్కా పట్టుకుని లాగుతోంది, "పడిపోతారు, లోపలికి రండి, అందరూ చూస్తున్నారు" అంటోంది. ఏడుస్తోంది కూడా. గొంతు బొంగురుపోయేదాకా నేను ఆపలేదు.

ఇంటర్‌కమ్ మోగింది. ప్యో గారు.

"తాక్ గారూ, మీ లైనులో ఎవరో కిటికీలోంచి కేకలు పెడుతున్నారని మూడిళ్ళ నుంచి ఫిర్యాదులొచ్చాయి. పైవాళ్ళా, కిందివాళ్ళా, మీకేమైనా తెలుస్తోందా?"

"మా ఇల్లే ప్యో గారూ" అన్నాను. "అరుస్తున్నది నేనే."